గురువు లేకుండా క్యారికేచర్: చూస్తూ కాకుండా, చూసి గీయడం

క్యారికేచర్, అంటే ఒక మనిషి ప్రత్యేకతలను పెంచి, పోలిక పోకుండా గీసే వ్యంగ్య చిత్రం, నేర్చుకోవాలనుకునేవారు మొదట అడిగేది ఏ కళాశాలలో చేరాలని, ఆ తర్వాత అడిగేది ఏ పెన్ను కొనాలని. లండన్‌లో 1872 ఆగస్టు 24న పుట్టిన ఇంగ్లీషు క్యారికేచరిస్టు, రచయిత మాక్స్ బీర్‌బోమ్‌కు ఈ రెండు ప్రశ్నలతోనూ పెద్దగా పని పడలేదు. చిన్నతనంలో లండన్‌లోని ఓర్మ్ స్క్వేర్‌లో ఉన్న ఒక బడిలో, ఆ బడి నడిపే విల్కిన్సన్ గారి భార్య పిల్లలకు చెప్పిన బొమ్మల పాఠాలే ఆయన జీవితం మొత్తంలో పొందిన చిత్రకళా శిక్షణ. ఆక్స్‌ఫర్డ్‌లోని మెర్టన్ కళాశాలలో చేరినా డిగ్రీ తీసుకోకుండానే 1894లో బయటికి వచ్చారు. అంతకుముందే, ఇంకా విద్యార్థిగా ఉండగానే, 1892లో స్ట్రాండ్ మ్యాగజైన్ ఆయన గీసిన 36 బొమ్మలను అచ్చు వేసింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు ఇంగ్లండులో పేరున్న రాజకీయ నాయకులు, రచయితలు, నటులు, చివరికి రాజకుటుంబీకులు కూడా ఆయన గీతకు దొరికిపోయారు.

మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణలు ఉన్నాయి. ఆర్.కె. లక్ష్మణ్ బొంబాయిలోని జె.జె. చిత్రకళా కళాశాలకు దరఖాస్తు చేసుకుంటే అక్కడ చేరడానికి తగిన ప్రతిభ లేదని తిప్పి పంపారు. ఆయన మైసూరులో బి.ఏ. చదువుకుని, కాకులనూ మనుషులనూ చూసి గీసుకుంటూ పైకి వచ్చారు. బాపు చదివింది న్యాయశాస్త్రం. అయితే శిక్షణ లేకపోవడమే ఒక అర్హత అని ఎవరూ పొరబడకూడదు. శిక్షణ లేనివారు దాని స్థానంలో మరొక దానిని నిలబెట్టుకోవాలి. బీర్‌బోమ్ నిలబెట్టుకున్నది జ్ఞాపకశక్తి. ఆయన దారిని ఆధారం చేసుకుని, పత్రికలకు క్యారికేచర్లు గీయాలనుకునే తెలుగువారు ఏ క్రమంలో సాధన చేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

చూపుకు సాధన

మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని క్యారికేచర్ గీయకూడదన్నది బీర్‌బోమ్ గట్టిగా పాటించిన నియమం. ఆయన మనుషులను విందులలో, నాటకశాలలలో, వీధులలో చూసేవారు, ఇంటికి వచ్చాక గీసేవారు. వ్యానిటీ ఫెయిర్ వారపత్రికకు ‘స్పై’ అనే పేరుతో 1873 నుంచి 1911 వరకు వెయ్యికి పైగా బొమ్మలు గీసిన లెస్లీ వార్డ్, రాయల్ అకాడమీలో చదువుకున్నవాడైనప్పటికీ, పార్లమెంటులోనూ గుర్రపు పందేలలోనూ తనకు కావలసిన మనిషిని తదేకంగా చూసి వచ్చి, గుర్తున్నదాని నుంచే గీయడానికి ఇష్టపడేవాడు. చదువుకున్నవాడూ చదువుకోనివాడూ ఒకే పద్ధతికి రావడం వెనక కారణం లేకపోలేదు. మనిషి ఎదురుగా ఉన్నంతసేపు కన్ను ప్రతి ముడతనూ, ప్రతి గుండీనీ చేతికి అందిస్తూనే ఉంటుంది, చేయి వాటన్నిటికీ లొంగిపోతుంది. మనిషి వెళ్లిపోయిన కొన్ని గంటల తర్వాత మనసులో మిగిలేది రెండు మూడు విషయాలు మాత్రమే. అనవసరమైనదానిని ఏరి పారేసే పని జ్ఞాపకం మన తరఫున ముందే చేసి పెడుతుంది, క్యారికేచర్‌కు కావలసింది ఆ మిగిలిన రెండు మూడు విషయాలే.

అందువల్ల మొదటి కొన్ని నెలలు బొమ్మ మీద కంటే చూపు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. ఆర్టీసీ బస్టాండులోనో, పెళ్లి భోజనాల దగ్గరో, సాహిత్య సభలోనో ఒక్క మనిషిని ఎంచుకోండి. అయిదు నిమిషాలు మర్యాదకు భంగం రాకుండా గమనించండి. ఫోనుతో ఫోటో తీయవద్దు, స్కెచ్ బుక్కు కూడా తెరవవద్దు. ఆ మనిషి నిలబడినప్పుడు బరువు ఏ కాలి మీద వేస్తున్నాడు, మెడ భుజాలలోకి కుంగి ఉందా లేక ముందుకు సాగి ఉందా, నవ్వేటప్పుడు కళ్లు ముందు ముడుచుకుంటాయా, పెదవులు ముందు విడివడతాయా అన్నవి చూడండి. సాయంత్రం ఇంటికి వచ్చాక, పెన్సిలు పట్టుకోవడానికి ముందు ఆ మనిషి గురించి మూడు మాటలు కాగితం మీద రాయండి. ‘పొడుగు, నల్లని జుట్టు, కళ్లద్దాలు’ వంటివి పోలీసు ప్రకటనకు పనికివస్తాయి గాని మీకు పనికిరావు. ‘ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెబుతున్నట్టు వంగి ఉంటాడు’ అని రాయగలిగితే బొమ్మలో సగం అప్పటికే పూర్తయినట్టు. ఆ తర్వాత గీయండి. గుర్తు లేని భాగాన్ని ఊహించి నింపవద్దు, ఖాళీగానే వదిలేయండి. ఆ ఖాళీలను చూస్తే మరుసటి రోజు దేనిని గమనించాలో మీకే తెలుస్తుంది.

ప్రముఖులను గీయాలనుకుంటే నేరుగా చూసే అవకాశం అందరికీ ఉండదు. అటువంటప్పుడు శాసనసభ ప్రత్యక్ష ప్రసారమో, విలేకరుల సమావేశమో పది నిమిషాలు శబ్దం తీసేసి చూడండి. మాటలు వినిపిస్తే మనం మాటలనే గుర్తుపెట్టుకుంటాం, వినిపించకపోతే ముఖం కదలికలు, చేతుల విసురు మిగులుతాయి. చూసిన వెంటనే గీయకుండా ఒక రాత్రి గడవనివ్వండి. ఫోటోను పక్కన పెట్టుకుని గీయడం తప్పేమీ కాదు గాని, అంతర్జాలంలో మొదట కనిపించే ఫోటోనే రాష్ట్రంలోని గీతకారులందరూ తెరుస్తారు కనుక, అందరి బొమ్మలలోనూ అదే కోణం, అదే నవ్వు, అదే వెలుగు కనిపిస్తాయి. జ్ఞాపకం నుంచి బొమ్మ నిలబడ్డాక, కళ్లద్దాల చట్రమో, తలపాగా చుట్టో సరిచూసుకోవడానికి ఫోటోను వాడుకోండి.

దేనిని పెంచాలి, దేనిని తగ్గించాలి

క్యారికేచర్ అంటే పెద్ద ముక్కును ఇంకా పెద్దది చేయడం అనే అభిప్రాయం కొత్తవారిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. నిజానికి ఒక ముక్కు పెద్దదో చిన్నదో దాని చుట్టూ ఉన్నవాటిని బట్టే తేలుతుంది. అందుకే ముందు సగటు ముఖం కొలతలు చేతికి అలవాటు కావాలి. సగటు ముఖంలో కళ్లు తల ఎత్తుకు సరిగ్గా మధ్యలో ఉంటాయి, నుదుటి మీద ఎక్కడో కాదు. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల వరకు, కనుబొమల నుంచి ముక్కు అడుగు వరకు, ముక్కు అడుగు నుంచి గడ్డం చివరి వరకు ఉన్న మూడు దూరాలు ఇంచుమించు సమానం. ముఖం వెడల్పు అయిదు కళ్ల వెడల్పుకు దగ్గరగా ఉంటుంది, రెండు కళ్ల మధ్య ఒక కన్ను పట్టేంత చోటు ఉంటుంది. ఈ కొలతలను కళ్లు మూసుకుని గీయగలిగేంత వరకు సాధన చేసిన తర్వాత, ఎవరిని చూసినా వారి ముఖం ఈ లెక్కకు ఎక్కడ తప్పుతున్నదో కంటికి దానంతటదే తగులుతుంది. ఆ తప్పిన చోటే పోలిక ఉంటుంది.

ఇది ఒట్టి స్టూడియో నమ్మకం కూడా కాదు. 1980లలో సుసాన్ బ్రెన్నన్ అనే పరిశోధకురాలు సరిగ్గా ఈ సూత్రం మీదనే, అంటే సగటు ముఖం నుంచి ఒక ముఖానికి ఉన్న తేడాలను కొలిచి, ఆ తేడాలను పెంచే కంప్యూటర్ ప్రోగ్రామును తయారుచేశారు. ఆమె మరో ఇద్దరితో కలిసి 1987లో ప్రచురించిన ప్రయోగంలో, తెలిసిన మనిషిని ఉన్నదున్నట్టు గీసిన గీత బొమ్మ కంటే, తేడాలను పెంచి గీసిన బొమ్మలో చూసినవారు త్వరగా గుర్తుపట్టారు.

అయితే కంప్యూటర్ అన్ని తేడాలనూ ఒకే మోతాదులో పెంచుతుంది, చిత్రకారుడు అలా చేయకూడదు. ఒక ముఖంలో ఒకదానిని రాజును చేయండి, మరి రెండింటిని దానికి అనుచరులుగా ఉంచండి, మిగిలినవాటిని సగటు కంటే చిన్నవి చేయండి. దవడ బలమైన మనిషికి దవడను ఎంత పెంచినా నుదురు తగ్గించకపోతే ఆ బలం రాదు. ముందు తల ఆకారాన్ని, అంటే గుడ్డు, పెట్టె, తలకిందులైన త్రిభుజం వంటి రూపాన్ని నిర్ణయించుకుని ఆ తర్వాతే కళ్లూ ముక్కూ దానిలోకి దించండి. ఆకారం తప్పితే కళ్లు ఎంత చక్కగా కుదిరినా పోలిక రాదు. ఆకారం కుదిరితే కళ్లు రెండు చుక్కలైనా సరిపోతాయి.

బీర్‌బోమ్ 1901లో క్యారికేచర్ గురించి రాసిన ఒక వ్యాసంలో ఇంతకంటే కఠినమైన షరతు పెట్టారు. మనిషి మొత్తాన్ని మూసలో వేసి కరిగించి, తిరిగి కొత్తగా పోత పోయాలని, అలా బయటికి వచ్చినవాడిలో పాతవాడి అణువు ఒక్కటీ పోకూడదని, ఏదీ పాత రూపంలో మిగలకూడదని ఆయన భావం. అంటే ముక్కు ఒక్కటి పెంచి, కోటునూ భుజాలనూ మామూలుగా వదిలేస్తే అది క్యారికేచర్ కాదు. ముక్కు ఏ గీతతో వంగిందో, వీపూ అదే గీతతో వంగాలి, చేతిలో గొడుగు ఉంటే అదీ వంగాలి. ఆయన బొమ్మలలో ఒక కోటు మడతను చూసినా అది ఎవరి కోటో చెప్పగలిగినట్టు ఉండడానికి కారణం ఇదే. మన వైపు పంచె కట్టు, కండువా వేసుకునే తీరు, చొక్కా జేబులో పెన్నులు, బొట్టు పెట్టుకునే చోటు ఇవన్నీ ముఖంతో సమానంగా మనిషిని పట్టిస్తాయి. తెలుగు గీతకారులు ముఖం దగ్గరే ఆగిపోయి వీటిని వృథా చేస్తున్నారని నాకు అనిపిస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా అవసరం. ప్రసిద్ధుల విషయంలో కొన్ని గుర్తులు ఊరందరి సొత్తుగా మారిపోతాయి. ఇందిరా గాంధీకి పొడవైన ముక్కు, జుట్టులో తెల్లని పాయ, పి.వి. నరసింహారావుకు బిగించి ముందుకు వచ్చిన మూతి అటువంటివి. వాటిని వాడితే గుర్తుపట్టడం ఖాయం. కానీ అప్పుడు మీరు ఆ మనిషిని గీయడం లేదు, ఆ మనిషి మీద ఇతరులు గీసిన బొమ్మలను గీస్తున్నారు. ఆ ప్రసిద్ధమైన గుర్తును పూర్తిగా వదిలేసి అదే మనిషిని తెప్పించగలరేమో ప్రయత్నించడం ఎంతో మంచి సాధన.

గీత, కాగితం, కొరతలు

సామగ్రి గురించి చెప్పవలసింది తక్కువ. మందమైన కార్ట్రిడ్జ్ కాగితం, ఒక 2బి పెన్సిలు, ఇండియన్ ఇంకు, వంగే స్టీలు నిబ్బు, సన్నని బ్రష్షు ఉంటే పత్రికకు తగిన బొమ్మ తయారవుతుంది. టాబ్లెట్ మీద గీసేవారికీ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. కాకపోతే తప్పును చెరిపే మీట సులభంగా అందుబాటులో ఉండడం వల్ల చేతికి తెగువ రావడం ఆలస్యమవుతుందని నా అభిప్రాయం.

ముఖ్యమైనది గీతలను తగ్గించుకునే పద్ధతి. జ్ఞాపకం నుంచి వచ్చిన మొదటి బొమ్మ మీద పలుచని ట్రేసింగ్ కాగితం పరిచి, దానిని యథాతథంగా దించకుండా, ప్రతిసారీ కొన్ని గీతలు వదిలేస్తూ, పెంచిన భాగాన్ని మరికాస్త పెంచుతూ మళ్లీ గీయండి. ఇలా వరుసగా నాలుగైదు కాగితాలు వేశాక ఒక దశలో పోలిక పుటుక్కున తెగిపోతుంది. అప్పుడు దాని ముందరి కాగితాన్ని తీసుకుని సిరా పెట్టండి. మొదటి బొమ్మకే సిరా పెట్టేవారు భయంతో ఆగిపోతారు. తెగేదాకా లాగి ఒక అడుగు వెనక్కి వచ్చినవారికి హద్దు ఎక్కడుందో తెలుస్తుంది.

స్వయంగా నేర్చుకున్నవారికి కొరతలు తప్పవు. బీర్‌బోమ్‌కు చేతులూ కాళ్లూ సరిగా కుదిరేవి కావు. ఆయన బొమ్మలలో పెద్ద తలలు, నిండైన దుస్తులు, వాటి చివర చిన్న చిన్న పాదాలు, అంతంత మాత్రపు చేతులు కనిపిస్తాయి. ఆయన తలలోనూ దుస్తులలోనూ తన బలాన్నంతా పెట్టారు, చివరికి ఆ చిన్న పాదాలే ఆయన శైలిలో భాగమైపోయాయి. ఈ ఉదాహరణను సోమరితనానికి వాడుకోకూడదు. మన మనుషులు మాట్లాడేటప్పుడు చేతులు ఊరికే ఉండవు కనుక, తెలుగు క్యారికేచరిస్టుకు చేతులు కొంతైనా వచ్చి తీరాలి. అయినా అన్నీ వచ్చేదాకా పత్రికకు పంపకుండా ఆగిపోవలసిన పని లేదని మాత్రం దీని నుంచి గ్రహించవచ్చు.

గురువు లేనివారికి పాత అచ్చు బొమ్మలే గురువులు. బీర్‌బోమ్‌కు అటువంటి గురువు కార్లో పెల్లెగ్రీని. ఇటలీలోని కాపువాలో 1839లో పుట్టి లండన్ చేరిన పెల్లెగ్రీని, 1869 జనవరి 30న వ్యానిటీ ఫెయిర్‌లో వచ్చిన బ్రిటిష్ రాజకీయ నాయకుడు డిస్రేలీ బొమ్మతో ఆ పత్రిక రూపురేఖలనే మార్చేశాడు. ఆ తర్వాత ‘ఏప్’ అనే సంతకంతో ప్రసిద్ధుడయ్యాడు. బీర్‌బోమ్ తన మొదటి క్యారికేచర్ల సంపుటాన్ని 1896లో ఆయన స్మృతికే అంకితమిచ్చారు. మీరూ ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని వారి బొమ్మలను చూసి, పుస్తకం మూసి, గుర్తున్నంత మేరకు తిరిగి గీయండి. పక్కన పెట్టుకుని దించితే వారి గీత మాత్రమే వస్తుంది, మూసి గీస్తే వారి నిర్ణయాలు అర్థమవుతాయి. ఒక్కరినే అనుకరించడం మాత్రం ప్రమాదకరం. తెలుగులో బాపు గీతను అనుకరించినవారు ఎందరో ఉన్నారు, వారిలో ఎక్కువ మంది పేర్లు ఎవరికీ గుర్తులేవు.

పత్రిక గడప దగ్గర

స్ట్రాండ్ మ్యాగజైన్‌లో బీర్‌బోమ్ తొలి బొమ్మలు ప్రముఖులవి కావు. లండన్ క్లబ్బులలో కనిపించే రకరకాల మనుషుల నమూనాలవి. కొత్తవారికి ఇది చాలా తెలివైన మార్గం. ముఖ్యమంత్రి బొమ్మ కావాలంటే సంపాదకుడికి ఆస్థాన చిత్రకారుడు ఉండనే ఉంటాడు. కానీ దేవాలయ కమిటీ అధ్యక్షుడు, చీటీలు నడిపే పెద్దమనిషి, అపార్ట్‌మెంటు సంక్షేమ సంఘం కార్యదర్శి, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన అల్లుడు, పుస్తకావిష్కరణ సభలలో తప్పకుండా మాట్లాడే విమర్శకుడు వంటి పదిమంది నమూనాలను ఒక వరుసగా గీసి పంపితే, అది ఒక శీర్షికగా మారే అవకాశం ఉంటుంది. పైగా, ఎవరి పోలికా లేని బొమ్మను చూసి పాఠకుడు ‘ఇతను మా వీధిలో ఉన్నాడు’ అనుకుంటే, మీకు మనిషిని పట్టుకోవడం వచ్చిందని సంపాదకుడికి రుజువవుతుంది.

నమూనాలతో పాటు ప్రసిద్ధుల బొమ్మలు అయిదారు చేర్చండి. వాటి కింద పేర్లు రాయవద్దు. పంపే ముందు ఆ రంగంతో సంబంధం లేని నలుగురికి చూపించండి, ఎవరో చెప్పడానికి తటపటాయించిన బొమ్మను తీసేయండి. బొమ్మను అచ్చయ్యే కొలత కంటే ఒకటిన్నర రెట్లు పెద్దదిగా గీస్తే తగ్గించినప్పుడు గీత చిక్కగా వస్తుంది. అయితే అతి సన్నని గీతలు న్యూస్‌ప్రింట్ మీద మాయమవుతాయి, దగ్గర దగ్గర గీతలు కలిసి మచ్చగా మారతాయి. నలుపు తెలుపు గీత బొమ్మను కనీసం 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వద్ద, రంగు బొమ్మను అచ్చయ్యే కొలతలో 300 డీపీఐ వద్ద స్కాన్ చేయండి. బొమ్మలో రాత ఉంటే దానినీ మీ చేత్తోనే రాయండి. బాపు చేతిరాత తర్వాతి కాలంలో అక్షరరూపంగా అందరి కంప్యూటర్లలోకి చేరిందంటే, గీసే చేతికీ రాసే చేతికీ ఎంత సంబంధం ఉన్నదో ఊహించవచ్చు.

ఎవరిని గీయవచ్చు, ఎంతవరకు గీయవచ్చు అన్న ప్రశ్న మొదటి బొమ్మ అచ్చయిన రోజునే ఎదురవుతుంది. 1923లో లండన్‌లోని లీసెస్టర్ గ్యాలరీలో రాజకుటుంబం మీద బీర్‌బోమ్ ప్రదర్శించిన బొమ్మలపై పత్రికలు విరుచుకుపడితే, ఆయన వాటిలో కొన్నిటిని తీసివేశారు. మన దేశంలో భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టం నేరం, అది మాటలతో పాటు కంటికి కనిపించే చిత్రణకూ వర్తిస్తుంది. చట్టం సంగతి అలా ఉంచి వృత్తి దృష్టితో చూసినా, ఒక మనిషి ఎంచుకుని చేసినవాటిని, అంటే అతని డాంబికాన్ని, వేషాన్ని, భంగిమను గీయడానికి అవధులు అక్కరలేదు. పుట్టుకతో వచ్చిన చర్మపు రంగును, వైకల్యాన్ని, కులాన్ని ఎగతాళి చేసే బొమ్మలో పరిశీలన ఏమీ ఉండదు. దీనికి వ్యతిరేకమైన ప్రమాదం పొగడ్త. లెస్లీ వార్డ్ చివరి సంవత్సరాల బొమ్మలు క్యారికేచర్ల కంటే మర్యాదస్తుల చిత్తరువులలాగే కనిపిస్తాయి. గీసేవాడికి గీయబడేవారితో స్నేహం ముదిరితే గీత పదును తగ్గుతుందనడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించలేదు.

బతుకుతెరువు

క్యారికేచర్ ఒక్కదాని మీదనే ఆధారపడి మొదలుపెట్టమని ఎవరికీ సలహా ఇవ్వలేను. బీర్‌బోమ్ కూడా అలా బతకలేదు. బెర్నార్డ్ షా తర్వాత సాటర్డే రివ్యూకు నాటక విమర్శకుడిగా 1898 నుంచి 1910 వరకు పనిచేశారు. ఆ పని ఆయనకు అంతగా ఇష్టం లేకపోయినా జీతం ఇచ్చింది, ప్రతి వారం రంగస్థలం మీద మనుషులను చూసే అవకాశమూ ఇచ్చింది. 1910లో పెళ్లి చేసుకుని ఇటలీలోని రపాల్లోకు మారిన తర్వాత కూడా రచన, ప్రదర్శనలు, బొమ్మల అమ్మకం కలిసి ఆయనను పోషించాయి. తెలుగులో వారపత్రికలు బాగా తగ్గిపోయిన ఈ రోజుల్లో పుస్తకాల ముఖచిత్రాలు, ఆదివారం అనుబంధాలు, సంస్థల ప్రచురణలు, పెళ్లి శుభలేఖల క్యారికేచర్లు వంటివి కలుపుకుంటే తప్ప నెల గడవదు. శుభలేఖలకు గీయడాన్ని చిన్నతనంగా భావించేవారున్నారు గాని, పేరులేని ముఖాల మీద పోలిక సాధించడానికి అంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు. పైగా అక్కడ తీర్పు చెప్పేది ఆ ముఖాన్ని రోజూ చూసే బంధువులు. అంతర్జాతీయ పోటీలకు కూడా పంపండి. తెలుగు గీతకారుడు పామర్తి శంకర్ గీసిన నెల్సన్ మండేలా క్యారికేచర్ 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ అత్యున్నత బహుమతి పొందింది.

హక్కుల విషయంలో మొదటి నుంచీ జాగ్రత్తగా ఉండాలి. 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, పత్రికలో ఉద్యోగిగా గీసిన బొమ్మను పత్రికలలో ప్రచురించుకునే హక్కుకు యజమాని తొలి హక్కుదారు. వేరే ఒప్పందం లేకపోతే మిగిలిన హక్కులు, అంటే పుస్తకంగా వేసుకోవడం, ప్రదర్శించడం వంటివి, గీసినవారివే. ఒక వ్యక్తి డబ్బిచ్చి తన చిత్తరువు గీయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనప్పుడు ఆ హక్కు గీయించుకున్నవారికి చెందుతుంది. అందువల్ల ప్రతి పనికీ ముందే, ఈమెయిలు రూపంలోనైనా సరే, పారితోషికం ఎంత, ఎన్నిసార్లు అచ్చువేయవచ్చు, అంతర్జాలంలో వాడుకోవచ్చా, అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది అన్న నాలుగు విషయాలు రాయించుకోండి. అసలు ప్రతిని అడగడానికి మొహమాటపడవద్దు. పత్రికా కార్యాలయాలలో అచ్చు పూర్తయిన బొమ్మ ఎక్కడికి పోతుందో ఎవరూ చెప్పలేరు. తిరిగి వచ్చిన ప్రతి వెనుక తేదీ, పత్రిక పేరు, మనిషి పేరు పెన్సిలుతో రాసి, ఆమ్లం లేని కాగితం మధ్య పెట్టి, తేమ తగలని చోట బల్లపరుపుగా దాచండి.